మిలిటరీ లారీని రొయ్యల గుంటల పనికి మార్చుకునేటప్పుడు ఏం పీకాలి, ఏం ఉంచాలి, పెట్టెలు ఎక్కడ బిగించాలి

మన నెల్లూరు వైపు అసలు వానలు పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. సరిగ్గా ఆ రోజుల్లోనే గుంట కట్టలు సబ్బు రాసినట్టు జారిపోతాయి, మామూలు లారీ రోడ్డు మీదే ఆగిపోతుంది, మేత బస్తాలు మనుషులు మోయాలి. అర్ధరాత్రి కరెంటు పోయి, నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంటే జనరేటర్‌ని కట్ట దాకా తీసుకుపోయే బండి ఉంటే బాగుండు అనిపిస్తుంది. ఆర్మీ వాళ్లు వాడి పక్కన పెట్టిన ఫోర్ బై ఫోర్ లారీ, అంటే నాలుగు చక్రాలూ ఇంజన్ బలంతో తిరిగే లారీ మీదికి మనసు పోయేది అప్పుడే. బండి మంచిదే, కాకపోతే అది జవాన్లను, సామాన్లను మోయడానికి కట్టిన బండి, మనకు కావాల్సింది మేత, డీజిల్, పనిముట్లు మోసే బండి. ఈ మార్పు ఎలా చేసుకోవాలో, ఎక్కడ చెయ్యి పెట్టకూడదో రాస్తున్నా. అల్లూరులో అయినా ఇందుకూరుపేటలో అయినా కొత్తపట్నంలో అయినా పని ఇదే.

స్పానర్ పట్టుకునే ముందు కాగితాలు చూసుకోండి. ఈ బండ్లు ఎక్కువగా కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎంఎస్‌టీసీ ఆన్‌లైన్‌లో వేసే ఈ-వేలంలో వస్తాయి, లేదా అక్కడ కొన్నవాళ్ల చేతుల మీదుగా వస్తాయి. రెండో రకం అయితే ఇంకా జాగ్రత్త. ఆర్మీ నుంచి బయటికొచ్చిన బండిని రిజిస్టర్ చేయించాలంటే దరఖాస్తు ఫారం 20 తో పాటు, సంబంధిత అధికారులు ఇచ్చిన అసలు అమ్మకం సర్టిఫికెట్ ఫారం 21 లో ఉండాలి. అది లేకుండా బేరం ఎంత చవగ్గా వచ్చినా మీరు కొన్నది పాత ఇనుమే. ఛాసిస్ (బండి అడుగున ఉండే ఇనుప చట్రం) మీద కొట్టిన నంబరు, ఇంజన్ నంబరు సర్టిఫికెట్‌లో ఉన్నవాటితో అక్షరం అక్షరం సరిచూడండి. నంబరు ఉన్న చోట రంగు మందంగా పేరుకుని ఉంటుంది, పెయింట్ రిమూవర్ రాసి గుడ్డతో తుడవండి, గ్రైండర్ పెట్టారంటే నంబరే పోతుంది. ఇంకోటి, బండి రూపం మార్చాలంటే మోటారు వాహనాల చట్టం 1988 లోని సెక్షన్ 52 వర్తిస్తుంది. అంటే ఆర్సీలో రాసిన వివరాలకు తేడా వచ్చే మార్పు ఏదైనా సరే ఆర్టీఓ ఆఫీసుకు తెలియకుండా చేయకూడదు. బాడీ కోసేశాక పోయి అడిగే బదులు, చేతి గీతలైనా సరే ఒక కాగితం మీద కొలతలు వేసి ముందే చూపించండి. రంగు సంగతి కూడా చాలామందికి తెలియదు. ఆలివ్ గ్రీన్ రంగు రక్షణ శాఖ బండ్లకే, బయటి బండికి ఆ రంగు ఉండకూడదని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది. పైకి బాణం గుర్తు ఉన్న నంబరు ప్లేటు, యూనిట్ గుర్తులు అన్నీ పోవాల్సిందే. "అట్టే ఉంచుకుంటే టోల్ దగ్గర గౌరవంగా చూస్తారన్నా" అనే మేస్త్రీలు ఉంటారు, వినకండి.

ఏ బండి అన్నదాన్ని బట్టి పని మారుతుంది. పాత శక్తిమాన్‌లు 1959 నుంచి జర్మనీ మ్యాన్ కంపెనీ డిజైన్‌తో జబల్‌పూర్‌లో కట్టినవి, చూడ్డానికి ముద్దుగానే ఉంటాయి గానీ స్పేర్ల కోసం ఊళ్లు తిరగాలి. గుంటల పనికి అది వద్దనే చెప్తాను. అశోక్ లేలాండ్ స్టాలియన్ 5/7.5 టన్నుల బండి, అంటే దారి లేని చోట 5, రోడ్డు మీద 7.5 టన్నులు. టాటా వాళ్ల 2.5 టన్నుల ఎల్‌పీటీఏ 713 దానికంటే చిన్నది, సన్న కట్టల మీద తిప్పుకోవడానికి అదే నయం. ఈ రెండింటికీ మన మెకానిక్కుల చేతులు అలవాటే.

పని మొదలయ్యే ముందు బండిని ఖాళీగా కాటా మీద పెట్టించండి. మొత్తం బరువు ఒకసారి, ముందు చక్రాలు మాత్రమే ఎక్కించి ఒకసారి, వెనక చక్రాలు మాత్రమే ఎక్కించి ఒకసారి. ఈ మూడు అంకెలు రాసి పెట్టుకోండి, తర్వాత ఎంత తీశాం, ఎంత పెట్టాం, ఏ ఇరుసు మీద పడింది అన్నది వీటితోనే తెలుస్తుంది. కాటా మీద తూచకుండా "రెండు క్వింటాళ్లు తగ్గుద్దన్నా" అనే మాట మీద నడిచే పని ఇది కాదు. ఆ తర్వాత బండిని కింద నుంచి పైదాకా ప్రెషర్ వాటర్‌తో కడిగించి, అన్ని వైపుల నుంచీ ఫోన్లో ఫొటోలు తీయండి. వైర్లు, గాలి పైపులు పోయే దారులు మరీ దగ్గరగా తీయండి.

ఇక పీకడం. బ్యాటరీల దగ్గర మొదలుపెట్టాలి. ఈ బండ్లలో 12 వోల్టుల బ్యాటరీలు రెండు వరసగా కలిపి 24 వోల్టులు చేస్తారు. ముందు నెగటివ్ కేబుల్ ఊడదీయండి, తర్వాతే పాజిటివ్. గ్రైండర్ గానీ వెల్డింగ్ గానీ పెట్టే రోజు ఆల్టర్నేటర్ వైర్లు కూడా విప్పి పక్కన పెట్టాలి. వెల్డింగ్ ఎర్త్ క్లాంప్‌ను వెల్డింగ్ చేసే ముక్కకే పట్టించాలి. ఎక్కడో బంపర్‌కి పెడితే కరెంటు బేరింగుల గుండా దారి వెతుక్కుంటుంది, అవి పాడైన సంగతి కొన్ని నెలల తర్వాత మోతతో తెలుస్తుంది.

బాడీలో రెండు పక్కలా జవాన్లు కూర్చునే మడత బెంచీలు ఉంటాయి. మొదట తీసేది అవే, కానీ పాత ఇనుముకి వేయొద్దు. ఒకసారి వంగి దాని కీలు చూడండి: మందమైన పిన్ను, చివర కాటర్ పిన్ను, అరిగినా ఊగని పని. అలాంటి కీళ్లు మన షాపుల్లో దొరకవు. అవే కీళ్లు రేపు పెట్టె మూతలకు పనికొస్తాయి, బెంచీ చెక్కలు బస్తాల కింద పరవడానికి వస్తాయి. తుపాకులు నిలబెట్టే క్లిప్పులు ఉంటే తీసేయొచ్చు. క్యాబిన్ పైన కామఫ్లాజ్ వల పెట్టే బుట్ట ఉంటే అదీ అంతే. పైన అంత ఎత్తులో బరువు ఉండటం కట్ట మీద మంచిది కాదు, పైగా ఆ బుట్ట ఉంటే మనవాళ్లు ఖాళీగా ఉంచరు, ఏదో ఒకటి విసిరేస్తారు. పట్టా కట్టే ఇనుప కమ్మీలు అన్నీ తీయకండి. వానలో మేత తడిస్తే బూజు పడుతుంది, బూజు మేత గుంటలో వేస్తే రొయ్యకు చేటు. కాబట్టి ముందు వైపు సగానికి పట్టా నిలిచేటన్ని కమ్మీలు ఉంచి, వెనక సగం తెరిచి పెడితే ఏరేటర్లు, అంటే గుంట నీళ్లకు గాలి పట్టించే యంత్రాలు, పైనుంచి దించుకోవచ్చు. పార, గడ్డపార పెట్టే బిగింపులు, 20 లీటర్ల జెర్రీ క్యాన్ స్టాండ్లు ఉంటే వదిలేయండి, అవి మనకే చేసినట్టు ఉంటాయి.

బోల్టులు రావు. సముద్రపు గాలి తగిలే ఊళ్లో కొన్నాళ్లు నిలబడి ఉన్న బండి అయితే అసలే రావు. ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి వదిలేయండి, పొద్దున మళ్లీ కొట్టండి. బోల్టును ముందు కొంచెం బిగించే వైపు కదిపి, తర్వాత విప్పే వైపు తిప్పితే తుప్పు పట్టు వదులుతుంది. గ్యాస్ కటింగ్ ఆఖరి మార్గం. డీజిల్ ట్యాంకు, బ్రేకు గాలి పైపులు, వైర్ల కట్ట ఈ మూడూ ఎక్కడున్నాయో చూడకుండా కటింగ్ టార్చ్ వెలిగించనివ్వకండి. ట్యాంకు ఖాళీగా ఉంది కదా అని ధీమా వద్దు, ఖాళీ ట్యాంకులో ఆవిరి ఉంటుంది, నిండు ట్యాంకు కంటే అదే ప్రమాదం.

లైట్ల సంగతి ఓపిగ్గా చేయాలి. బండి వెనక్కి వెళ్లి కిందికి చూస్తే ఇరుసు మధ్య గుండ్రటి హౌసింగ్‌కి తెల్ల రంగు, దాని మీదికి వెలుగు పడేలా ఒక చిన్న దీపం కనబడతాయి. రాత్రి కాన్వాయ్‌లో హెడ్‌లైట్లు ఆర్పేసి పోతున్నప్పుడు వెనక బండి డ్రైవరు ఆ తెల్ల చుక్కను చూసుకుంటూ నడుపుతాడు. మనకు దాంతో పనిలేదు, కానీ దాని వైరును పక్కన కత్తిరించి వదిలేయకండి. ఇలా చీకట్లో పోవడానికి పెట్టిన బ్లాక్అవుట్ స్విచ్ ఒక స్థానంలో ఉంటే మామూలు లైట్లు, బ్రేకు లైట్లు పనిచేయకుండా చేసే ఏర్పాటు ఈ బండ్లలో ఉంటుంది. ఆ స్విచ్‌ను తీసేస్తే బ్రేకు లైటు సర్క్యూట్ కూడా తెగిపోవచ్చు. ప్రతి వైరుకూ టేపు చుట్టి దేనిదో రాసి, ఒక్కొక్కటే విడదీసి, ప్రతిసారీ బ్రేకు, ఇండికేటర్, రివర్స్ లైట్లు వెలుగుతున్నాయా అని వెనక ఒక మనిషిని నిలబెట్టి చూడండి. హైవే ఎక్కితే వెనక వచ్చే కంటైనర్ వాడికి మన బ్రేకు లైటే దిక్కు.

ఇప్పుడు తీయకూడనివి. ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్, అంటే ముందు ఇరుసుకు ఇంజన్ బలం చేర్చే కడ్డీ, తీసేస్తే మైలేజీ పెరుగుతుందని ఎవరో ఒకరు చెప్తారు. హబ్బులు విడదీసే ఏర్పాటు లేని బండిలో ముందు ఇరుసు లోపలి గేర్లు ఎలాగూ తిరుగుతూనే ఉంటాయి, షాఫ్ట్ ఒక్కటి తీసినంత మాత్రాన మిగిలేది పెద్దగా ఉండదు. అది తీసేస్తే బండి కొన్న కారణమే పోతుంది. ముందు వెనక ఉన్న టోయింగ్ హుక్కులు ముట్టుకోవద్దు. ఇరుసుల మీద నుంచి పైకి పోయే సన్న గొట్టాలు, అంటే బ్రీదర్లు, పనికిరానివనుకుని పీకేస్తుంటారు. వేడెక్కిన హౌసింగ్ కాలవ నీళ్లలో దిగితే లోపలి గాలి ఒక్కసారిగా చల్లబడి నీళ్లను సీళ్ల గుండా లాక్కుంటుంది, ఆ గొట్టం ఉన్నది అది జరక్కుండా. మనవి ఉప్పునీళ్లు కూడా, గేరు ఆయిలు పాలలా మారిందంటే ఆ ఖర్చు వేరే. స్టెప్నీ స్టాండ్ బరువే, అయినా ఉండాలి. ఈ చక్రం ఒక మనిషి ఎత్తేది కాదు.

అన్నీ తీశాక ఇంకోసారి కాటా. తర్వాత పనిముట్లు, సామాన్లు పెట్టుకునే పెట్టెల పని.

ఇక్కడ ఒక్క విషయం అర్థమైతే మిగతాదంతా తేలిక. గుంతల దారిలో ఈ లారీ ఛాసిస్ మెలి తిరుగుతుంది, తిరగాలనే అలా కట్టారు. ఒక చక్రం గుంతలో, ఎదురు మూల చక్రం గట్టు మీద ఉన్నా నాలుగూ నేల మీద ఉండేది అందుకే. నమ్మకం లేకపోతే ముందు ఎడమ చక్రాన్ని, వెనక కుడి చక్రాన్ని అర అడుగు దిమ్మెల మీదికి ఎక్కించి, క్యాబిన్‌కి బాడీకి మధ్య సందు చూడండి. పైన ఒక వైపు దగ్గరవుతుంది, ఇంకో వైపు దూరమవుతుంది. కాబట్టి పెట్టె ఏదైనా అటు ఛాసిస్‌కే బిగించండి, లేదా ఇటు బాడీ అడ్డ ఛానళ్లకే బిగించండి. రెండింటినీ కలిపి బిగించారో, ఆ మెలి బలమంతా మీ పెట్టె మీద పడి వెల్డింగులు చీలతాయి, లేదంటే ఛాసిస్ పగులుతుంది.

ఛాసిస్‌కి పెట్టేటప్పుడు వెల్డింగ్ వద్దు. ఆ స్టీలుకి వేడి తగిలిన చోట బలం తగ్గి, పగులు అక్కడే మొదలవుతుంది. ఛానల్ పై అంచుకీ కింది అంచుకీ రంధ్రాలు వేయొద్దు, వంపు బలమంతా మోసేది ఆ అంచులే. నిలువుగా ఉన్న పక్క భాగంలో కంపెనీ వాళ్లు వేసిన రంధ్రాలు చాలా ఉంటాయి, వాటికి సరిపోయేలా బ్రాకెట్ చేయించండి. బోల్టు తల మీద 8.8 అని గానీ 10.9 అని గానీ ఉండాలి, నట్టు నైలాక్ (లోపల నైలాన్ రింగు ఉండి ఊడిరాని రకం) అయితే మంచిది. మూడు చోట్ల పట్టు ఇచ్చి, ఒక పట్టుకు రబ్బరు బుష్ వేస్తే పెట్టె ఊపిరి పీల్చుకుంటుంది.

ఎక్కడ? ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్యన, బాడీ కింద. అక్కడ గాలి ట్యాంకులు, బ్యాటరీ పెట్టె, డీజిల్ ట్యాంకు పోను మిగిలిన చోటే మీది. ముఖ్యంగా గాలి ట్యాంకు నీళ్లు వదిలే వాల్వు, గ్రీజు కొట్టే నిపిల్స్ మూసుకుపోకుండా చూసుకోండి, చెయ్యి పట్టకపోతే క్లీనర్ గ్రీజు కొట్టడం మానేస్తాడు. సైలెన్సర్ వైపు పెట్టెలో నూనె డబ్బాలు వద్దు. పెట్టె అడుగు, మెట్టు కంటే కిందికి వేలాడకూడదు, కట్ట ఎక్కేటప్పుడు తగిలేది అదే. వెనక చక్రం దగ్గర ఎంత సందు వదలాలో టేపుతో కాదు, ఇందాకటి దిమ్మెల మీద బండిని ఎక్కించి టైరు ఎక్కడిదాకా లేస్తుందో చూసి గీత గీయండి.

వెనక ఇరుసు దాటి బరువు వేలాడదీయడం అందరూ చేసే పని, ఎందుకంటే అక్కడ ఖాళీ కనిపిస్తుంది. లెక్క చూడండి. ఇరుసుల మధ్య దూరం 4 మీటర్లు అనుకుందాం. 300 కిలోల జనరేటర్‌ను వెనక ఇరుసుకు 1 మీటరు వెనక పెడితే వెనక ఇరుసు మీద పడేది 300 కాదు, 375 కిలోలు. ముందు ఇరుసు 75 కిలోలు తేలికవుతుంది. అదే జనరేటర్ రెండు ఇరుసులకు సరిగ్గా మధ్యన ఉంటే చెరి 150. బురదలో స్టీరింగ్ తిప్పినా బండి నేరుగా పోతోందంటే ముందు బరువు లేక. అందుకని జనరేటర్ బాడీలో ముందు గోడకు ఆనుకుని, దాని వెనక మేత, అన్నిటికంటే వెనక తేలికైన ఏరేటర్ ఫ్లోట్లు, ప్యాడిల్ వీల్స్.

రేకు మందం గురించి మేస్త్రీతో గొడవ తప్పదు. మందంగా ఉంటేనే గట్టి అని 3 ఎంఎం వేస్తానంటాడు. 4 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు పెట్టెకు సుమారు 28.5 చదరపు అడుగుల రేకు పడుతుంది. 3 ఎంఎం అయితే దగ్గర దగ్గర 62 కిలోలు, 2 ఎంఎం అయితే 42 కిలోలు లోపే. నాలుగు పెట్టెలకు 80 కిలోల తేడా, అంటే మూడు మేత బస్తాల పైన. 2 ఎంఎం రేకుకు లోపల యాంగిల్ ఫ్రేమ్, అంచులు మడత పెట్టిస్తే చాలు. అల్యూమినియం ఇంకా తేలిక, తుప్పు కూడా పట్టదు, కానీ ఉప్పు గాలిలో ఇనుప బోల్టు నేరుగా తగిలిన చోట అల్యూమినియం తెల్లటి పొడిలా రాలిపోతుంది. మధ్యలో రబ్బరు వాషరు, షీటు వేయాలి.

తలుపు కిందికి తెరుచుకునేలా పెట్టి రెండు గొలుసులు వేస్తే అదే పనిబల్ల అవుతుంది, ఏరేటర్ గేర్ బాక్సు విప్పి పెట్టుకోవచ్చు, బోల్టు బురదలో పడదు. పక్కకు తెరుచుకునే తలుపైతే కీలు బండి ముందు వైపు ఉండాలి, లాక్ ఊడినా గాలి దాన్ని మూసేస్తుంది. తలుపు పైన నీళ్లు కారిపోయే అంచు, చుట్టూ రబ్బరు బీడింగ్, అడుగున మూలల్లో చిన్న రంధ్రాలు. రంధ్రాలు ఎందుకు, నీళ్లు రాకుండా చేశాం కదా అంటే, నీళ్లు వస్తాయి. తడి తాళ్లు, తడి వలలు మనమే లోపల పెడతాం.

ఏది ఎందులో అన్నదాంట్లో ఒక్కటి మాత్రం ఖరాఖండిగా చెప్తాను. బ్లీచింగ్ పౌడర్‌ను, ఆక్సిజన్ మాత్రలను డీజిల్‌తో, ఇంజన్ ఆయిల్‌తో, గ్రీజు గుడ్డలతో ఒకే పెట్టెలో పెట్టొద్దు. ఇవి మంటను పెంచే రకం పదార్థాలు, నూనె కలిస్తే వాటంతట అవే అంటుకోవచ్చు. పైగా బ్లీచింగ్ వాసన తగిలిన ఇనుము తుప్పు పట్టేస్తుంది, పనిముట్లన్నీ ఎర్రబడతాయి. మూత గట్టిగా ఉన్న ప్లాస్టిక్ డ్రమ్ములో, గాలి ఆడే వెనక భాగంలో, పొడిగా పెట్టండి.

బాడీ లోపల మేత బస్తాల కింద బెంచీ చెక్కలు పరిస్తే గాలి ఆడుతుంది. బస్తా 25 కిలోలు, 40 బస్తాలంటే టన్ను, దానికి పైన 200 లీటర్ల డీజిల్ డ్రమ్ము డ్రమ్ముతో కలిపి 185 కిలోల దాకా ఉంటుంది. ఇవన్నీ కలిపి మీ ఆర్సీలో రాసిన బరువు దాటకూడదు. ఏరేటర్ షాఫ్టులు, ఇనుప కమ్మీలు, చెక్‌ట్రే (రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసే పళ్లెం) కర్రలకు 6 అంగుళాల పీవీసీ పైపు ఒకటి బాడీ పక్కన పొడవునా బిగించి మూత పెట్టండి, ఇంతకంటే చవకైన అర లేదు. చిన్న సామాన్లకు టమోటా ట్రేలు. నేల మీద అడ్డ ఛానళ్లకు కట్టు రింగులు వేయించడం మర్చిపోవద్దు, జనరేటర్‌ను తాడుతో కాదు, రాచెట్ బెల్టుతో కట్టాలి.

పని దీపాలు, ఫోన్ చార్జింగ్ కోసం 12 వోల్టులు కావాలని చాలామంది ఒక బ్యాటరీ మీదనుంచి వైరు లాగేస్తారు. ఆ బ్యాటరీ ఎప్పుడూ తక్కువ చార్జింగ్‌లో, రెండోది ఎప్పుడూ ఎక్కువ చార్జింగ్‌లో ఉండి రెండూ చస్తాయి. 24 నుంచి 12 కు మార్చే కన్వర్టర్ కొని, రెండు బ్యాటరీల మొత్తం మీద నుంచి ఫ్యూజుతో కలపండి.

రంగు వేసే ముందు పీకిన రంధ్రాలన్నిటి అంచులూ గీకి ఎపాక్సీ ప్రైమర్ కొట్టించండి, ఒట్టి రెడాక్సైడు మన తీరంలో నిలవదు. పెట్టెలు బిగించాక పైపుతో నీళ్లు కొట్టి లోపల పాత పేపరు పరిచి చూడండి, తడి మరక ఉన్న చోటే బీడింగ్ సర్దాలి. మళ్లీ కాటా మీద మూడు అంకెలు తీసి, మొదటివాటితో పోల్చి, కొత్త ఖాళీ బరువుతో ఆర్టీఓ దగ్గర ఆర్సీలో మార్పు రాయించుకోండి, ఇన్సూరెన్స్ వాళ్లకూ చెప్పండి. 200 కిలోమీటర్లు తిరిగాక చక్రాల నట్లు, యూ బోల్టులు, పెట్టెల బ్రాకెట్లు ఒకసారి బిగించాలి. తీసిన క్లిప్పులు, బుట్ట, మిగిలిన కమ్మీలు పాత ఇనుముకి తూకానికి వెళ్తాయి. బ్లాక్అవుట్ స్విచ్, దీపాలు మాత్రం విడిగా ఉంచండి, పాత మిలిటరీ బండ్లను యథాతథంగా బాగుచేసుకునే పిచ్చివాళ్లు వాటికి ఇనుము ధర కంటే బాగా ఎక్కువే ఇస్తారు.